పాపికొండల ప్రయాణానికి ఏది మౌసమ్?

మన ఇళ్లలో నిత్యం పలికే మాటల్లో ‘మౌసమ్’ ఒకటి. ఎండ ముదిరినా, మబ్బు కమ్మినా, చలిగాలి వీచినా మన పెద్దల నోట వినిపించేది ఈ మాటే. దీనికి మూలం అరబీలోని ‘మౌసిమ్’. ఏటేటా తిరిగివచ్చే కాలం, ఒక పనికి నియతమైన వేళ అని దాని అర్థం. పాయలు కట్టిన ఓడలలో హిందూ మహాసముద్రాన్ని దాటిన అరబ్బు నావికులు తమ ప్రయాణానికి గాలి అనుకూలించే కాలాన్ని ఈ పేరుతో పిలిచారు. వారి నుండి పోర్చుగీసువారు దానిని అందిపుచ్చుకున్నారు. అక్కడి నుండి అది ఇంగ్లీషులో ప్రవేశించి ‘మాన్సూన్’గా మారింది. నేడు ప్రపంచమంతా వానకు పర్యాయంగా వాడుతున్న ఆ మాట నిజానికి వాన పేరు కాదు, ప్రయాణపు వేళకు పెట్టిన పేరు.

పదిహేనవ శతాబ్దపు ప్రసిద్ధ నావికుడు ఇబ్ను మాజిద్ తన ‘కితాబుల్ ఫవాయిద్’ గ్రంథంలో ఏ తీరం నుండి ఏ తీరానికి ఎప్పుడు బయలుదేరాలో, ఎప్పుడు బయలుదేరకూడదో విశదంగా చర్చించాడు. గోల్కొండ సుల్తానుల కాలంలో మన మచిలీపట్నం రేవు నుండి ఎర్రసముద్రానికి వెళ్లే ఓడలు సైతం గాలి తిరిగే వేళ కోసం లంగరు వేసుకుని వేచి ఉండవలసిందే. వర్తకుని తొందర గాలిని మార్చలేదు. యాత్రికుని ఆరాటం అలను ఆపలేదు. వేచి ఉండటం కూడా ఆనాటి ప్రయాణంలో ఒక భాగమే.

ఈ పాఠం సముద్రానికే కాదు, నదులకూ వర్తిస్తుంది. మన గోదావరి మీద పాపికొండల నడుమ సాగే లాంచీ ప్రయాణానికైతే మరింతగా వర్తిస్తుంది. సెలవులు రాగానే ‘పాపికొండలకు వెళ్దామా’ అన్న మాట అనేక కుటుంబాలలో వస్తుంది. ‘ఎవరెవరం వెళ్దాం, ఎంత ఖర్చవుతుంది’ అని లెక్క వేస్తాం. ముందుగా వేయవలసిన ప్రశ్న వేరే ఉంది: ఏ నెలలో వెళ్దాం?

ఇక్కడి ఆకాశం చూస్తే చాలదు

గోదావరి మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర త్ర్యంబకం వద్ద పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఆ విశాల భూభాగంలో ఏడాది పొడుగునా కురిసే వానలో అయిదింట నాలుగు వంతులకు పైగా జూన్ నుండి సెప్టెంబరు వరకు, నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లోనే కురుస్తుంది. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగల నీటిని మోసుకుని ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తుంది. ఒడిశా, బస్తరు అడవుల నీటితో ఇంద్రావతి వస్తుంది. పాపికొండలకు కాస్త ఎగువన, కూనవరం వద్ద శబరి తోడవుతుంది.

ఈ భూగోళాన్ని అర్థం చేసుకుంటే ఒక ముఖ్య విషయం బోధపడుతుంది. రాజమహేంద్రవరంలో ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు. ఎండ కాస్తుండవచ్చు. అయినా నాలుగు రోజుల క్రితం విదర్భలో కురిసిన వాన, మొన్న బస్తరులో కురిసిన వాన నేడు మన పడవ కిందికి వచ్చి ఉంటుంది. నదీయానంలో మనల్ని తడిపే వాన కంటే మనకు కనిపించని వానే బలమైనది.

పైగా పాపికొండల వద్ద నది స్వరూపమే వేరు. రాజమహేంద్రవరం దగ్గర మైళ్ల వెడల్పున పరచుకుని ప్రశాంతంగా కనిపించే గోదావరి తూర్పు కనుమల ఈ సందులో కొన్ని వందల గజాలకు కుంచించుకుపోతుంది. కొండల మధ్య నది పాపిటలా కనబడుతుంది కనుక పాపిడి కొండలన్నారనీ, అదే పాపికొండలైందనీ చెబుతారు. అంత నీరు అంత ఇరుకులో సాగాలంటే లోతు పెరగాలి, వేగం పెరగాలి. మలుపు మలుపునా సుడులు లేస్తాయి. మైదానంలో వెడల్పుగా సర్దుకునే వరద ఇక్కడ నిలువునా పెరుగుతుంది.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రానికి పోయింది. 2022 జులైలో మళ్లీ భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. ఈ రెండు తేదీలూ మన క్యాలెండరులో ఎక్కడున్నాయో గమనించండి. ఒకటి జులై, మరొకటి ఆగస్టు.

మూడు విషాదాలు, మూడు పాఠాలు

ఇటీవలి సంవత్సరాల్లో మన నదులపై జరిగిన మూడు పడవ ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే కాలానికీ, ప్రాణానికీ ఉన్న సంబంధం తేటతెల్లమవుతుంది.

2019 సెప్టెంబరు 15. ఆదివారం. పాపికొండల యాత్రకు బయలుదేరిన లాంచీ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. అందులో 77 మంది ఉండగా 26 మంది మాత్రమే బయటపడ్డారు. మునిగిన లాంచీని నది అడుగు నుండి తీయడానికి అక్టోబరు 22 వరకు పట్టింది. ఆనాటి ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులని వార్తలు తెలిపాయి. ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేసేది 10 లక్షల క్యూసెక్కుల వద్ద. అంటే హెచ్చరిక స్థాయిలో సగం నీటికే ఆ ఇరుకు దారి మృత్యుముఖమైంది. ఆ హెచ్చరికలు గట్టు మీది ఊళ్ల కోసం నిర్ణయించినవి, పడవ ఎక్కేవారి కోసం కాదు. ‘ఇంకా మొదటి హెచ్చరిక కూడా ఇవ్వలేదు కదా’ అని ఎవరైనా ధైర్యం చెబితే ఈ తేడాను గుర్తు చేసుకోవాలి.

2018 మే 15. వానాకాలానికి ఇంకా మూడు వారాలు గడువుంది. కొండమొదలు వైపు నుండి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర సాయంకాలపు గాలివానకు చిక్కి బోల్తా పడింది. ప్రయాణికుల్లో ఎక్కువ మంది ఆ చుట్టుపక్కల గిరిజన గ్రామాలవారు. నదిలో వరద లేదు. గాలి చాలింది.

2017 నవంబరు 12. కాలం అనుకూలమైనదే, వరద తగ్గినదే. అయినా కృష్ణానది మీద ఇబ్రహీంపట్నం సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా మరణించారు. ఆ పడవకు అనుమతి లేదనీ, మోయగలిగిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకుందనీ నాడు వెల్లడైంది.

సెప్టెంబరులో నీరు, మేలో గాలి, నవంబరులో మనిషి. మొదటి రెంటిని కాలం ఎంపికతో తప్పించుకోవచ్చు. మూడవదానికి కాలం మందు కాదు. అక్కడ మన కళ్లూ, మన ప్రశ్నలే రక్ష. ఒంటెను కట్టివేసిన తర్వాతనే తవక్కుల్ అన్న బోధను ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పవలసిన పని లేదు.

నెల నెలకూ గోదావరి

జూన్ రెండవ వారం నుండి నది రంగు మారుతుంది. తొలి వరదను గోదావరి వాసులు ‘ఎర్రనీరు’ అంటారు. ఎగువ భూముల మట్టిని కడుక్కుని వచ్చే ఆ నీటికి ఎదురీదుతూ సముద్రం నుండి పులస చేప వస్తుంది. జులై నుండి సెప్టెంబరు వరకు యానాం మొదలు ధవళేశ్వరం దాకా దానికి పలికే ధర అందరికీ తెలిసినదే. అది పులస మౌసమ్, పర్యాటకుని మౌసమ్ కాదు. ఈ నెలల్లో వరద పెరిగినప్పుడల్లా అధికారులు లాంచీలను నిలిపివేస్తారు. మధ్యలో నాలుగు రోజులు తగ్గినా మళ్లీ ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేం.

అక్టోబరు మోసపుచ్చే నెల. వరద తీస్తుంటుంది, కొండలు పచ్చగా మెరుస్తుంటాయి, దసరా సెలవులుంటాయి. కానీ నైరుతి వెనుదిరిగే వేళ, ఈశాన్య రుతుపవనాలు ప్రవేశించే వేళ ఇదే. బంగాళాఖాతంలో అల్పపీడనాలు వరుసకట్టే కాలం. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకింది. కోనసీమను ఛిద్రం చేసిన తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. కనుక అక్టోబరు, నవంబరు నెలల్లో నది చూపు ఒక్కటే చాలదు, సముద్రం మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాలి.

నవంబరు రెండవ సగం నుండి ఫిబ్రవరి వరకు ఉన్న మూడున్నర నెలలూ ఈ ప్రయాణానికి ఉత్తమమైన వేళ. ఎర్రదనం పోయి నీరు తేరుకుంటుంది. ప్రవాహం నెమ్మదిస్తుంది. వానలు తాగిన అడవి ఇంకా పచ్చదనం వీడదు. ఎండ నొప్పించదు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో కొండల మధ్య పొగమంచు దట్టంగా దిగుతుంది. మంచు విడేదాకా లాంచీ కదపకపోవడమే క్షేమం. ఆలస్యమైందని సరంగును తొందరపెట్టే ప్రయాణికుడు తన మేలు తాను కోరుకోనివాడు. క్రిస్మస్ నుండి సంక్రాంతి వరకు రద్దీ ఎక్కువ. నవంబరులో కార్తికమాసపు ఆదివారాల్లోనూ అంతే.

మార్చి నుండి ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు వేడి వృద్ధులను, పసివారిని కుంగదీస్తుంది. సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివానలు లేస్తాయి. తప్పనిసరై వెళ్లేవారు మధ్యాహ్నానికల్లా రేవుకు తిరిగి చేరేలా చూసుకోవాలి.

మా ఇంట జరిగిన చర్చ

మా అబ్బా యౌవనంలో రాజమహేంద్రవరంలోని ఒక కలప అడితిలో గుమాస్తాగా పనిచేశారు. వెదురు తెప్పలు కట్టి గోదావరి మీదుగా దించే రోజులవి. లెక్కల పనిమీద లాంచీలో ఎగువకు వెళ్లివచ్చినప్పుడల్లా ఆ కొండల గూర్చి అమ్మీకి చెప్పేవారట. ఆయన గతించిన తరువాత ఒక్కసారి ఆ దారి చూడాలన్న కోరిక అమ్మీకి మిగిలింది. దమ్మామ్‌లో పనిచేసే మా తమ్ముడు రెండేళ్లకోసారి సెలవుపై వస్తాడు. ఆ ఏడు అతనికి సెలవు దొరికింది సెప్టెంబరులో. అందరం కలిసి వెళ్లాలంటే ఆ నెలే వెళ్లాలి.

టికెట్లు సమకూర్చే ఒకాయనకు ఫోను చేస్తే, “రేపో మాపో అనుమతి వచ్చేస్తుందండి, అడ్వాన్సు కట్టి పెట్టుకోండి” అన్నాడు. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఆ వారంలో ఒకసారి 40 అడుగులకు వెళ్లి దిగుతోంది. తమ్ముడు పట్టుబట్టాడు. “భాయ్, నాకు మళ్లీ సెలవంటే రెండేళ్లు. అమ్మీ మోకాళ్లు అప్పటికి ఎలా ఉంటాయో చూసుకో” అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. నేను బదులు చెప్పలేకపోయాను.

తీర్పు చెప్పింది అమ్మీయే. “నది నిండుగా ఉన్నప్పుడు మీ అబ్బా కూడా ఎక్కేవారు కాదు బేటా. అడితి యజమాని కోప్పడినా ఎర్రనీరు తగ్గాకే వెళ్లేవారు. ఆయన చూసిన గోదావరిని చూడాలని నా కోరిక. ఇది ఆ గోదావరి కాదు” అన్నది. ఆ మాట తరువాత వాదన సాగలేదు.

లాంచీ ఎక్కకపోయినా తమ్ముణ్ణి నది దగ్గరకు తీసుకువెళ్లాం. ధవళేశ్వరం వద్ద 1847 నుండి 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజికి 175 గేట్లున్నాయి. గేట్లు ఎత్తివేసి ఉన్న ఆ వేళ కంటికి ఆననంత దూరం ఎర్రని నీరు ఉరకలు వేస్తోంది. కాళ్ల కింద వంతెన సన్నగా కంపిస్తున్నట్టనిపించింది. తమ్ముడు చాలాసేపు మౌనంగా నిలబడ్డాడు. వరద గోదావరిని చూడవలసింది గట్టు మీది నుండే. ఆ దృశ్యానికీ ఒక మౌసమ్ ఉంది, దానికి టికెట్టు అక్కరలేదు.

డిసెంబరులో ఒక మంగళవారం అమ్మీతో, పిల్లలతో పాపికొండలకు వెళ్లాం. గండిపోచమ్మ రేవులో మంచు విడేసరికి తొమ్మిదిన్నర దాటింది. వయసు మళ్లిన సరంగు అమ్మీని చెయ్యిపట్టి బల్లకట్టు మీద నడిపిస్తూ, “నిదానంగా రండి మామ్మగారూ, తొందరేం లేదు. గోదారి నిద్ర లేచేదాకా మనమూ కదలం” అన్నాడు. లాంచీ సాగుతుంటే ఇరువైపులా వెదురు పొదలు, టేకు చెట్లు, వాటి నీడలు పడిన పచ్చని నీరు. ఒక మలుపు తిరిగితే ముందు దారి మూసుకుపోయినట్టుంటుంది. దగ్గరికి వెళ్లేసరికి కొండలు పక్కకు తొలగినట్టు దారి తెరుచుకుంటుంది. పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆగినప్పుడు కొండరెడ్లు అమ్ముతున్న వెదురు బుట్ట ఒకటి అమ్మీ కొన్నది. దానిని ఒడిలో పెట్టుకుని తిరుగు ప్రయాణమంతా దాని అల్లికను వేళ్లతో తడుముతూ కూర్చున్నది.

తమ్ముడు రెండేళ్ల తరువాత ఈసారి జనవరికి సెలవు కుదుర్చుకుని వచ్చాడు. పాపికొండలు చూశాడు. అప్పటికి అమ్మీ లాంచీ మెట్లు ఎక్కగల స్థితిలో లేదు. అతను తీసిన ఫోటోలు చూసి సంతోషించింది. అందరం కలిసి వెళ్లే భాగ్యం మాకు లేకపోయింది. వేచి ఉండటానికి ఒక మూల్యం ఉంటుంది. దానిని దాచి, జాగ్రత్త ఎప్పుడూ తేలికైనదే అని చెప్పడం సరికాదు. అయితే ఆ మూల్యం చెల్లించగలిగిన మూల్యం.

మన కుటుంబాలు ప్రత్యేకంగా చూసుకోవలసినవి

కాలాన్ని ఎంచుకునేటప్పుడు మనం రెండు క్యాలెండర్లు చూడాలి. నది సూర్యమానాన్ని అనుసరిస్తుంది. మన పండుగలు చాంద్రమానాన్ని అనుసరించి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. 2026లో రమజాన్ ఫిబ్రవరిలో మొదలయింది. 2028లో జనవరి చివరి రోజులకు వస్తుంది. 2030లో జనవరి ఆరంభంలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి, అంటే ఒకే సంవత్సరంలో రెండుసార్లు మొదలవుతుంది. తరువాత కొన్నేళ్లు డిసెంబరు, నవంబరు నెలల్లో ఉంటుంది. అంటే రాబోయే కొన్ని సంవత్సరాలు గోదావరి ప్రయాణానికి మేలైన నెలల్లోనే ఉపవాసాలు వస్తాయి. కాబట్టి ముందే చూసుకుని, రమజాన్‌కు ముందో, ఈదుల్ ఫిత్ర్ తరువాతనో తేదీ నిర్ణయించుకోవాలి. ఈద్ సెలవులోనే వెళ్లాలనుకుంటే ఆ రోజు ఏ నెలలో పడుతుందో చూసి మరీ నిశ్చయించుకోవాలి.

శీతాకాలపు పగలు చిన్నది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ ప్రాంతంలో సాయంత్రం సుమారు అయిదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. కొండల మధ్య అంతకన్నా ముందే చీకటి పడినట్టుంటుంది. జుహర్, అస్ర్ రెండూ నీటి మీద ఉండగానే వచ్చే అవకాశముంది. వుజూ చేసుకుని ఎక్కడం మంచిది. నది మెలికలు తిరుగుతూ సాగుతుంది కనుక ఖిబ్లా దిశ నిమిష నిమిషానికి మారుతుంది. ఫోనులో సిగ్నలు అందదు, కాబట్టి చిన్న దిక్సూచి వెంట ఉంచుకోండి. లాంచీ ఆగే చోట నేల మీద చేసుకోగలిగితే అన్నిటికన్నా సులువు. ఖస్ర్ విషయంలో మీ ఊరి ఆలిమ్‌ను ముందుగా అడిగి వెళ్లండి.

లైఫ్ జాకెట్టును బురఖా లోపల కాదు, పైన ధరించాలి. పట్టీలన్నీ బిగించాలి. పొడవైన అంచులు బల్లకట్టు మీద కాలికి అడ్డం పడకుండా చూసుకోవాలి. పెద్దల జాకెట్టు పసిపిల్లవాడిని నీటిలో నిలపదు, జారిపోతుంది. పిల్లల కొలత జాకెట్లు ఉన్నవో లేవో టికెట్టు కొనే ముందే అడగండి. లేవంటే మరో లాంచీ చూసుకోండి. భోజనం గూర్చి కూడా ముందే మాట్లాడుకోవాలి. శాకాహారం కోరితే చిక్కులేదు, ఇంటి నుండి తెచ్చుకుంటే మరీ మంచిది. ఆదివారాల్లో పై అంతస్తులో పాటల హోరు సాగే లాంచీలున్నాయి. నిశ్శబ్దం కోరేవారికి పనిదినాలే అనువైనవి.

బయలుదేరడానికి ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. భద్రాచలం వద్ద నీటిమట్టం ఎంత ఉంది, పెరుగుతోందా, తగ్గుతోందా? బంగాళాఖాతంలో అల్పపీడనం ఏదైనా ఉందా? లాంచీకి అనుమతి ఎంత మందికి, ఎక్కింది ఎంత మంది? సూర్యాస్తమయానికి ముందే తిరిగి రేవు చేరతామా? భద్రాచలంలో 43 అడుగుల వద్ద మొదటి హెచ్చరిక, 48 వద్ద రెండవది, 53 వద్ద మూడవది జారీ అవుతాయి. కానీ ముందు చెప్పినట్టు, పడవ ప్రయాణికుడు ఆ మొదటి హెచ్చరిక దాకా ఆగకూడదు. మట్టం పెరుగుతున్నదంటే చాలు, ప్రయాణం మానుకోవడానికి అది తగిన కారణం.

తక్కిన రుతుపవన నదులు

ఈ సూత్రం గోదావరికి మాత్రమే పరిమితం కాదు. బ్రహ్మపుత్ర మీద విహార నౌకలు అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు నడుస్తాయి. వానాకాలంలో ఆ నది ఒడ్డులనే మింగుతుంది. మయన్మారులోని ఐరావతిలో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మేలు. ఆ తరువాత నీరు తగ్గి నౌకలు ఇసుక మేటల్లో చిక్కుకుంటాయి. వారణాసి నుండి బంగ్లాదేశ్ మీదుగా డిబ్రూగఢ్ వరకు 51 రోజుల ప్రయాణానికి ‘గంగా విలాస్’ నౌక 2023లో బయలుదేరింది జనవరి 13న. వరద తీసిన తరువాత, నది అడుగంటక ముందు అన్నదే అన్ని చోట్లా లెక్క. ఆ రెంటి నడుమ ఉన్న గడువు ఒక్కో నదికి ఒక్కో విధంగా ఉంటుంది.

మన కృష్ణానది మీద నాగార్జునసాగర్ నుండి శ్రీశైలానికి సాగే లాంచీ ప్రయాణానికి ఇంకో షరతు ఉంది. అది జలాశయం మీది ప్రయాణం. అందులో నీరు నిండితేనే లాంచీ కదులుతుంది. వాన చాలని సంవత్సరంలో మంచి మౌసమ్ వచ్చినా మంచి నీరు ఉండదు.

మౌసమ్ ఎంచుకోలేనివారు

పాపికొండల నీటి దారి మనకు విహారం. ఆ గట్టుల మీది కోయలకు, కొండరెడ్లకు అది బజారుకు, ఆసుపత్రికి, బడికి వెళ్లే దారి. మంటూరు వద్ద మునిగిన లాంచీలోనివారు ప్రకృతి అందాలు చూడటానికి ఎక్కలేదు. వారికి నెలను ఎంచుకునే వీలు లేదు. మన సెలవుల కోసం అధికారులను ఒత్తిడి చేసి వరదలో లాంచీ నడిపించుకోవడం ఎంత తప్పో, ఆ గ్రామాలకు సురక్షితమైన పడవలు, రోడ్లు కావాలని అడగకపోవడమూ అంతే లోపం.

ఆ లోయ కూడా ఎప్పటిలా ఉండబోదు. పోలవరం వద్ద 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించిన నాటి నుండి ఎగువన నీరు మునుపటికన్నా ఎత్తుగా నిలుస్తున్నది. దేవీపట్నంతో సహా పలు గ్రామాల ప్రజలు ఇళ్లు వదిలి వెళ్లారు. జలాశయాన్ని పూర్తి మట్టమైన 150 అడుగులకు నింపిననాడు ఇసుకతిన్నెలు, రేవులు, గట్టు మీది పొలాలు ఇంకా మునుగుతాయి. నీటి మీద వెళ్లేటప్పుడు పిల్లలకు కొండల పేర్లతో పాటు ఆ ఊళ్ల పేర్లు కూడా చెప్పండి.

లోయ మారిపోతుందేమోనన్న తొందరతో తప్పుడు నెలలో వెళ్లనవసరం లేదు. ప్రతి సంవత్సరమూ నవంబరు వస్తుంది, నీరు తేరుకుంటుంది. ఇంటి పెద్దలు క్యాలెండరు తీసి రమజాన్‌ను, పరీక్షలను, తమ్ముళ్ల సెలవులను గుర్తు పెట్టుకుని, నవంబరు నడిమి నుండి ఫిబ్రవరి చివరి వరకు ఉన్న వారాల్లో ఒక పనిదినాన్ని ఇప్పుడే ఎంచుకోవచ్చు. గల్ఫ్‌లో ఉన్నవారికి ఆ తేదీ ముందే తెలియజేస్తే వారు సెలవును దానికి అనుగుణంగా అడగగలుగుతారు. ఆ రోజున కూడా నది అనుకూలంగా లేదనిపిస్తే రేవు నుండి వెనుదిరిగి రావడానికి సంకోచించకండి. టికెట్టు డబ్బు పోతే పోనివ్వండి. అల్లాహ్ మీ ప్రయాణాలను క్షేమంగా, శుభప్రదంగా చేయుగాక.